చెక్క పెట్టె కోసం మూడు జిల్లాలు

అందరూ కాశీకో రామేశ్వరానికో వెళ్ళొచ్చి యాత్ర రాస్తారు. నేను చెక్క పెట్టెలు చేసేవాళ్ళను వెతుక్కుంటూ జనగామ, మానుకోట, భూపాలపల్లి తిరిగొచ్చి రాస్తున్నాను. నవ్వాలనుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి.

మాది హైదరాబాద్ పొలిమేరలో ఒక చిన్న వర్క్‌షాపు. పాడైన గేర్‌బాక్సులు విప్పి, బాగుచేసి, తిరిగి పంపుతాం. ఒక్కోటి ఏడెనిమిది క్వింటాళ్ళుంటుంది. దాన్ని ఉత్తగా లారీలో పడేస్తే చేరదు, కొలతకు చేసిన చెక్క పెట్టెలో బిగించాలి. స్టోరు, కొనుగోళ్ళు, పంపకాలు ఇరవై రెండేళ్ళుగా నావే. ఆ ఇరవై రెండేళ్ళూ మా పెట్టెలు చేసింది కొడకండ్ల ఊరి నుంచి వచ్చే నర్సయ్య మేస్త్రి. సోమవారం పొద్దున గోనెసంచిలో పనిముట్లు వేసుకుని వచ్చేవాడు, చుట్టుపక్కల షాపులకూ పెట్టెలు చేసి శనివారం పోయేవాడు. మాటలు తక్కువ మనిషి. చివరి పలక కొట్టే ముందు నేను ఎర్రగుడ్డలో కొబ్బరికాయ చుట్టి పెట్టెలో పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకునేదాన్ని. నర్సయ్య రాకముందు, పెట్టె లేకుండా పంపిన నా మొదటి సరుకు దారిలో విరిగినప్పటి నుంచి ఆ అలవాటు. తర్వాత ఏదీ విరగలేదు, అదంతా కాయ మహిమేనని నా నమ్మకం.

మూడు నెలల కిందట భూపాలపల్లి బొగ్గు గని యార్డుకు వెళ్ళిన గేర్‌బాక్సులో ఆయిల్ మట్టం చూసే గాజు పగిలింది. ఆయిలంతా కారిపోయింది, వాన నీళ్ళు లోపలికి పోయి బేరింగులు తుప్పు పట్టాయి. ఫోన్‌లో ఫొటో వచ్చింది. నా నోటి సంగతి మీకు తెలియదు. గల్లీలో టీ కొట్టు దగ్గర, చుట్టుపక్కల నాలుగు వర్క్‌షాపులవాళ్ళు చూస్తుండగా నర్సయ్యను కడిగేశాను. "కళ్ళు కనపడకపోతే ఇంట్లో కూర్చో, మా కొంపలు ముంచకు" అన్నాను. ఆయన ఒక్క మాట అనలేదు. గోనెసంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ మర్నాటి నుంచి మిగతా వర్క్‌షాపులు కూడా ఆయన్ని పిలవడం మానేశాయి.

ఇప్పుడు ఇంకో గేర్‌బాక్సు తయారైంది, అదే యార్డుకు. ఇదీ పగిలితే ఇక మాకు పని ఇవ్వబోమని వాళ్ళు ముఖం మీదే చెప్పారు. ఆ పని పోతే మా షాపులో సగం మందికి పని ఉండదు. "నమ్మకమైనోణ్ణి చూసి రా" అని మా ఓనరమ్మ నాలుగు రోజులు సెలవిచ్చింది.

జనగామ

బతుకమ్మకు పది రోజులుందనగా బయల్దేరాను. దారి పొడుగునా తంగేడు పూసి ఉంది. చిన్నప్పుడు పూలకని పొద్దున్నే పోయి, మోకాళ్ళు గీరుకుని, ఒళ్ళో పూలు వేసుకుని వచ్చేవాళ్ళం. ఇప్పుడు మా గల్లీలో తంగేడు పూలు కట్టలుగా కట్టి అమ్ముతారు, వాడిపోయినవి.

జనగామ బస్టాండులో దిగగానే ముందు చేసిన పని సర్వపిండి తినడం. బస్టాండు గోడ పక్కన ఒక అవ్వ గిన్నెకు పిండి అద్ది కాలుస్తోంది.

"ఎంతవ్వా ఒకటి?"

"ముప్పై."

"ముప్పయ్యా!"

"నూనె అమ్మెటోన్ని అడిగినవా బిడ్డ గిట్ల? నన్నే అడుగుతవ్."

నోరు మూసుకుని రెండు తిన్నాను. నువ్వులు, పల్లీలు, కరివేపాకు పళ్ళకింద పడుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. అడుగు మాడిన ముక్క కోసం నేను, మా అక్క కొట్టుకునేవాళ్ళం. సిటీలో కర్రీ పాయింటువాళ్ళు చేసేది మెత్తగా ఉంటుంది, దాన్ని సర్వపిండి అనడానికి నాకు నోరు రాదు.

పెట్టెల షెడ్డు ఊరి చివర రోడ్డు మీదే ఉంది. ఓనరు శ్రీకాంత్‌కు ముప్పై ఏళ్ళుంటాయేమో. నున్నటి ప్లైవుడ్, గాలితో మేకులు కొట్టే మిషను, గోడనిండా కంపెనీల ఫొటోలు. నన్ను ఏసీ గదిలో కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ తెప్పించాడు.

"మేడమ్, డ్రాయింగ్ వాట్సాప్ చెయ్యిన్రి సాలు. రేపు పొద్దుగాల్లకు పెట్టె రెడీ."

"మిషను చూడవా?"

"చూసుడెందుకు మేడమ్? పొడుగు, ఎడల్పు, ఎత్తు, బరువు. గంతే."

"పగిలితే?"

"మా పెట్టె పలగది. గ్యారంటీ కార్డు ఇస్తం. పలిగితే ఇంకో పెట్టె ఫ్రీ."

"పెట్టె ఫ్రీ సరే, లోపలున్న గేర్‌బాక్సు?"

అతను నవ్వాడు. "అది మాది కాదు గదా మేడమ్."

అబ్బాయి మంచివాడే, అబద్ధం చెప్పలేదు. కానీ నాకెందుకో చిరాకు పుట్టింది. నర్సయ్య డ్రాయింగ్ ముట్టేవాడు కాదు. గేర్‌బాక్సు చుట్టూ మూడుసార్లు తిరిగి, ఒకచోట చెయ్యి వేసి, ఇంకోచోట చెవి ఆనించి, అప్పుడు సుద్దముక్క తీసేవాడు. అయినా పగిలింది కదా అని నన్ను నేనే కసురుకుని బయటికొచ్చాను.

మరిపెడ దారి

మర్నాడు మానుకోటకు బస్సు. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి బస్సు నిండా మేమే. మగవాళ్ళు వెనక నిలబడి గొణుక్కుంటున్నారు. నా పక్కావిడ గంపలో సీతాఫలాలు, నా ఒళ్ళో ఆవిడ మనవరాలు.

బస్సు కొడకండ్ల మీదుగా పోతుందని నాకు తెలుసు. ఆ ఊరు దగ్గరపడుతుంటే కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. అంత పెద్ద ఊళ్ళో సరిగ్గా ఆ క్షణానికి ఆయన రోడ్డు మీద నిలబడి ఉంటాడా? అయినా లాక్కున్నాను. ఈ కాలంలో నర్సయ్య సోమవారం సోమవారం సంచి నిండా సీతాఫలాలు తెచ్చేవాడు. పండినవి ఏరి ముందు నా టేబుల్ మీద పెట్టేవాడు. పక్కావిడ నాకో పండు ఇస్తే ఒళ్ళో ఉన్న పాపకు ఇచ్చేశాను.

నేరుగా మానుకోట పోయే బస్సు ఉండగా తొర్రూరులో దిగి, మరిపెడ మీదుగా చుట్టు తిరిగి పోయే బస్సు ఎక్కాను. మాది మరిపెడే. మా నాయినకు అక్కడ అద్దె సైకిళ్ళ దుకాణం ఉండేది. ఇంట్లో మా బియ్యం టీ పొడి పెట్టెలో ఉండేవి, అంచులకు రేకు కొట్టిన చెక్క పెట్టె. మూత తీస్తే బియ్యంలోంచి టీ వాసన వచ్చేది. అద్దె సైకిళ్ళ చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. ఎదురుగా టీ తాగాను, పది రూపాయలు. టీ ఇచ్చిన అమ్మాయి అడిగింది.

"ఏ ఊరక్కా మీది?"

"ఈ ఊరే."

"అవునా? ఎన్నడు సూడలే!"

నేను ఇంకో టీ అడిగాను.

మానుకోట

మానుకోట రైలు గేటు దాటుతుండగా చెప్పు తెగింది. ఒంటి చెప్పుతో కుంటుకుంటూ రాములు నాయక్ కోత మిల్లుకు చేరాను. ఆయన తండా మనిషి, యాభై ఏళ్ళుంటాయి. తుమ్మ, వేప, మామిడి దుంగలు కోసి పలకలు అమ్ముతాడు, మిర్చి మిల్లులవాళ్ళకు మిషన్ల పెట్టెలు చేస్తాడు. నేను నోరు తెరవక ముందే చెప్పు అడిగి తీసుకుని చిన్న సీల కొట్టి ఇచ్చాడు. మేకును ఇక్కడ సీల అంటారు. ఎంతివ్వాలంటే, "సీల పైసలు అడుగుతవా అక్కా" అన్నాడు.

సంగతంతా చెప్పాను. ఆయన దుంగ మీద కూర్చుని విన్నాడు.

"పాత పెట్టె ఏది?"

"భూపాలపల్లిలోనే ఉంది."

"పలక పలిగిందా?"

ఫోన్ తీసి ఆ పాత ఫొటో తెరిచాను. మూడు నెలలుగా ఆ ఫొటోలో పగిలిన గాజు, కారిన ఆయిల్ తప్ప నాకేమీ కనపడలేదు. ఇప్పుడు వేళ్ళతో పెద్దది చేసి చూస్తే వెనకాల పెట్టె ఉంది. నిక్షేపంగా ఉంది.

"లేదు" అన్నాను.

"సీలలు ఊడినయా? అడుగు దుంగలు జరిగినయా?"

"లేదు."

"మరి పెట్టె మంచిగుంటే లోపలిది ఎట్ల పలిగింది?"

ఫొటో చూడమని ఫోన్ ఆయన చేతికిచ్చాను. ఆయన ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

"అక్కా, కోపం జెయ్యకు. తప్పేందో తెల్వకుంట నేను పెట్టె చెయ్య. రేపు మల్ల గిట్లనే పలిగితే నా పేరు జెప్తవ్. ఆ మేస్త్రిని అన్నట్టే నన్ను గూడ అంటవ్. ముందు పోయి పెట్టెను సూడు."

బేరానికి వెళ్తే పాఠం చెప్పి పంపినట్టుంది నా పని. ఒళ్ళు మండింది. కానీ ఆయన భార్య జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు పళ్ళెంలో పెట్టి నా ముందుంచింది. మొగుడూ పెళ్ళాలు వాళ్ళ భాషలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. నా గురించేనని అర్థమైంది. అయినా రొట్టె వేడిగా ఉంది, కోపం ఎంతసేపని ఉంటుంది? మూడు తిన్నాను. ఆ కారానికి కళ్ళనీళ్ళు వచ్చాయి, అందులో కొన్ని కారానివి కావు.

భూపాలపల్లి

రెండు బస్సులు మారి భూపాలపల్లి చేరేసరికి వాన తుంపర. రోడ్డు పక్క ఆకుల మీద బొగ్గు మసి, వానకు అది చారలు చారలుగా కారుతోంది. బొగ్గు గనిని ఇక్కడివాళ్ళు బాయి అంటారు. షిఫ్టు దిగి వస్తున్నవాళ్ళు హోటల్లో మిర్చీ బజ్జీలు తింటుంటే నేనూ వాళ్ళ బల్ల మీదే కూర్చున్నాను. "జర జరుగన్నా" అంటే నలుగురూ జరిగారు. సిటీలో ఒంటరి ఆడమనిషి హోటల్లో కూర్చుంటే అందరూ చూస్తారు, ఇక్కడ ఎవరూ చూడలేదు.

యార్డు చూసుకునే సమ్మయ్యతో ఏళ్ళ తరబడి ఫోన్‌లో పోట్లాడటమే గానీ ముఖం చూడటం ఇదే మొదలు. గొంతు విని పెద్ద మీసాల మనిషనుకున్నాను, సన్నగా పొట్టిగా ఉన్నాడు. పాత పెట్టె చూడాలంటే నవ్వాడు.

"మీ పెట్టె యార్డుల ఎందుకుంటది మేడమ్? మా అవ్వ ఉంచుతదా! ఇంటికి తీస్కపోయింది. రా పోదాం."

వాళ్ళది బాయి పనివాళ్ళ క్వార్టర్లలో ఇల్లు. ఆయన తల్లి రాజవ్వ డెబ్భై దాటిన మనిషి, చురుకైనది. లోపలికి అడుగు పెట్టగానే నేను నిలబడిపోయాను. ఇల్లంతా మా పెట్టెలే. కూర్చునే బల్ల మా పెట్టె. గిన్నెలు పెట్టుకునే అర మా పెట్టె. దేవుడి పీఠం మా పెట్టె. ఒక్కోదాని మీద మా షాపు పేరు, పైకి చూపించే బాణం గుర్తు, అన్నీ నర్సయ్య చేత్తో రాసినవి. ఆయన 'ష' రాస్తే ఎప్పుడూ ఒక పక్కకు వాలి ఉంటుంది. అన్నేళ్ళ పని ఒకేచోట చూసేసరికి నాకు మా షాపు మొదటి రోజులు, మా పాత రేకుల షెడ్డు, అప్పుడు అక్కడ పనిచేసి పోయినవాళ్ళు అందరూ ఒక్కసారే గుర్తొచ్చారు.

ప్రతి పెట్టె లోపలి మూలకూ ఒక చిన్న చెక్క గూడు కొట్టి ఉంది. గుండ్రంగా, దోసిలంత. ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో అగ్గిపెట్టె, ఒకదాంట్లో దువ్వెన. మా డ్రాయింగ్‌లో అలాంటిదేమీ లేదు.

"ఇవి నువ్వు కొట్టించుకున్నావా అవ్వా?" అన్నాను.

"నేనెందుకు కొట్టిస్త? పెట్టెతోనే వస్తయి. కాయ కూసునే గూడు గదా. సుట్టు గోనె ముక్క కుక్కి, తాడుతోటి కట్టి, ముద్దుగ కూసుంటుండె కాయ. పెట్టె వచ్చిందంటే మా ఇంట్ల పచ్చడే."

"మొన్నటి పెట్టె?"

ఆవిడ పెరట్లోకి తీసుకెళ్ళింది. మొన్నటి పెట్టె కోళ్ళ గూడైంది. నేను తడిలోనే వంగి తల లోపలికి పెట్టాను. కోడి ఒకటి నా జుట్టు పొడిచింది. నాలుగు మూలలూ తడిమాను. చెక్క గూడు లేదు.

"దీంట్ల కాయ పలిగి వచ్చింది బిడ్డ" అంది రాజవ్వ. "గుడ్డ ఊడి ఒక మూలకున్నది, చిప్పలు ఇంకో మూలకు. చీమలు పట్టినయి. మిషన్ మీద ఎన్ని దెబ్బలో! మా సమ్మయ్యకు గూడ జెప్పిన, ఆడు ఇనలే."

ఆ పెట్టె పంపిన రోజు నాకు కళ్ళకు కట్టింది. లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నేను కాయ పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. నర్సయ్య చిన్న చెక్కముక్క చేతిలో పట్టుకుని, "జర ఆగమ్మ, ఒక్క నిమిషం" అన్నాడు. "ఆగేదేంటి, కొట్టు పలక, లారీ పోతుంది" అని పక్కనే నిలబడి కొట్టించాను. రెండొందల కిలోమీటర్లు ఆ కాయ గేర్‌బాక్సు మీద దొర్లుతూ గాజును కొట్టింది. ఇన్నేళ్ళూ నేను దణ్ణం పెట్టుకుని కాగితాలు రాయడానికి వెళ్ళగానే ఆయన దానికి గూడు కట్టేవాడన్నమాట. నా కాయ నుంచి నా సరుకును ఆయనే కాపాడాడు. నేనేమో మహిమ అనుకున్నాను.

సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఆ కోళ్ళ గూడు ముందే కూలబడి, తప్పు నాదేనని సమ్మయ్యకు చెప్పేశాను. ఆయన ముందు నవ్వాడు, నా ముఖం చూసి ఆపాడు.

"పరేషాన్ గాకు మేడమ్. మా సారుతోని నేను మాట్లాడ్త. పది రోజులు ఆలస్యమైనా సరే. గా మేస్త్రితోనే చేపియ్యి."

మళ్ళీ కొడకండ్ల

నాలుగో రోజు కొడకండ్లలో దిగాను. కొంగు లాక్కోలేదు. నర్సయ్య ఇల్లు అడిగితే ఎవరో చిన్నది చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఆయన ఇంటి ముందు రేకు కింద కూర్చుని మంచం కోడుకు రందాతో చిత్రిక పడుతున్నాడు. నన్ను చూసి లేచాడు. లేవొద్దని చేత్తో సైగ చేశాను.

"కూసోమ్మ" అన్నాడు. "ఏ బస్సుకొచ్చినవ్?"

నిలబడే అడిగాను. "ఇరవై రెండేళ్ళు గూడు కొట్టావు. ఒక్కసారైనా చెప్పలేదెందుకు నర్సయ్యా?"

ఆయన రందాలోంచి చెక్కపొట్టు దులిపాడు. "దేవుని కాయ గదమ్మా. నువ్వు కండ్లు మూస్కొని మొక్కుతుంటివి. దాన్ని తియ్యుమని ఎట్ల జెప్త? గూడు కొడితే అయిపాయె."

"పోనీ ఆ రోజు, నేను నోటికొచ్చినట్టు అంటుంటే?"

"గంత మందిల నీ కాయనే పలగ్గొట్టిందని జెప్తే నీకెట్లుంటది?"

ఏడ్చాను. దాచుకోలేదు. తప్పైపోయిందని, మన్నించమని, రేపే వచ్చి పని మొదలుపెట్టమని అన్నాను. ఆయన "అయ్యో, గంత మాటెందుకమ్మా" అంటూ చేతులు నలుపుకుంటున్నాడు. అప్పుడు ఇంట్లోంచి ఆయన భార్య లచ్చవ్వ వచ్చింది. నీళ్ళ చెంబు నా చేతికిచ్చింది, ముఖంలో మాత్రం నవ్వు లేదు.

"గీడికొచ్చి, నా ఇంట్ల, ఎవ్వలు ఇనకుంట జెప్తే ఏమొస్తదమ్మా? నువ్వు అన్నది నలుగుర్ల. నీ మాటకు నాలుగు షాపులోల్లు మానేసిన్రు. మూడు నెలల సంది ఈయన ఫోన్ మోగలే. పొద్దుందాక దాన్ని సూస్కుంట కూసుంటడు, చార్జింగ్ ఉన్నదా లేదా అని."

"లచ్చీ, ఊకో" అన్నాడు నర్సయ్య.

"ఎందుకు ఊకోవాలె? అమ్మా, నువ్వు పో. ఏడ అన్నవో గాడనే నిలవడి జెప్పు. జెప్పినంక ఆల్లు పిలిస్తే వస్తడు. నీ ఒక్క షాపు కోసం రాడు."

నర్సయ్య కాదనలేదు. తల వంచుకుని మంచం కోడు వంకే చూస్తున్నాడు. ఆ మాట ఆయనదే, ఆవిడ నోటితో వచ్చింది. నీళ్ళు తాగి చెంబు ఇచ్చేశాను. అన్నం తిని పొమ్మంది లచ్చవ్వ, అంత కోపంలోనూ. పచ్చిపులుసు, పప్పు, మక్కజొన్న గారెలు. ఇంతకంటే మంచి భోజనం ఈ నాలుగు రోజుల్లో తినలేదు, ఇంత కష్టంగా కూడా తినలేదు.

మా గల్లీ

మర్నాడు పొద్దున పదిన్నరకు, నాలుగు షాపులవాళ్ళూ టీకి వచ్చే వేళ చూసుకుని కొట్టు దగ్గరికి వెళ్ళాను.  

"ఒక్క నిమిషం అందరూ వినండి" అన్నాను. లేతు మిషను షాపు యాదగిరి గ్లాసు పట్టుకుని అలాగే ఆగిపోయాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. కాయ నాదని, తొందర నాదని, నోరు నాదని. నర్సయ్య పెట్టెకు ఒక్క సీల కూడా కదల్లేదని, ఆయన చేతిలో ఇరవై రెండేళ్ళలో ఏదీ విరగలేదని, పోయిన పేరు నేను పోగొట్టిందేనని. ఇది ఇక్కడే చెప్పాలి కాబట్టి చెబుతున్నానని.

 టీ కొట్టాయన స్టవ్ తగ్గించాడు. యాదగిరి గ్లాసు బల్ల మీద పెట్టి, "నీ నోటికో దండం తల్లీ" అన్నాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసుకుంటూ తన షాపులోకి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే కదిలారు. ఎవరి మనసులో ఏముందో నాకు తెలియలేదు.

నేను అక్కడే నిలబడి నర్సయ్యకు ఫోన్ చేశాను. బిజీ వచ్చింది. రెండు నిమిషాలాగి మళ్ళీ చేశాను. బిజీ. టీ కొట్టాయన గ్లాసు చేతికిచ్చి, "ఎత్తుతలేడా అక్కా?" అన్నాడు.

"బిజీ వస్తుంది" అన్నాను. మూడోసారి చేశాను. మళ్ళీ బిజీయే. నా జన్మలో ఒక ఫోన్ కలవనందుకు అంత సంతోషపడటం అదే మొదటిసారి.